అడిగినదానికే సమాధానం

మొదటిసారి ఇంగ్లీషు పరీక్ష ఫలితం వచ్చిన రోజు నేను బందరు కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాను. మా కేసు ఇంకా పిలవలేదు. ఊరికే ఉండలేక ఫోన్‌లో మెయిల్ తెరిచాను. వినడంలో ఎనిమిదిన్నర, చదవడంలో ఎనిమిది, రాయడంలో ఏడు, మాట్లాడడంలో ఆరు. తొమ్మిదికి ఆరు. నా మొహం చూసి పక్కనున్న గుమాస్తా "ఏంటమ్మా, వాయిదా పడిందా?" అని అడిగాడు. పడిందన్నాను.

నేను లాయర్ని. మాట్లాడడమే నా బతుకుతెరువు. జడ్జిగారి ముందు నిలబడి పూట పూటంతా ఇంగ్లీషులో వాదించిన రోజులున్నాయి. అలాంటిది, ఎదురుగా కూర్చుని నీ పేరేంటి, మీ ఊరేంటి అని అడిగితే చెప్పడంలో తప్పినట్టు. తల తీసేసినట్టయింది.

ఇంగ్లండ్‌లో ఒక విశ్వవిద్యాలయం నాకు ఎల్ఎల్ఎం సీటు ఇచ్చింది. నీళ్ళకీ నేలకీ సంబంధించిన చట్టాలు నేర్పే చదువు. ఇచ్చింది అనేకంటే చూపించింది అనడం సబబు. నాలుగు విభాగాల్లో దేంట్లోనూ ఏడుకి తగ్గకుండా తెచ్చుకుంటేనే సీటు నీది, జూన్ నెలాఖరు దాకా ఆగుతాం అని రాశారు. అక్కడే వేరే చదువులకి వెళ్ళేవాళ్ళకి ఆరు చాలట. లా వాళ్ళకి మాత్రం చాలదు. మాటతో పని చేసేవాళ్ళు కాబట్టి మాట గట్టిగా ఉండాలి. అందులో తప్పు పట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని వృత్తి అలవాటు కొద్దీ చాలా వెతికాను. ఏమీ దొరకలేదు.

ఆ చదువు నాకు సరదా కాదు. పులిగడ్డ దాటి మా దివిసీమలోకి వెళ్తే పొలం పక్కన రొయ్యల చెరువు, చెరువు పక్కన పొలం. చెరువులోని ఉప్పునీళ్ళు తన చేలోకి దిగాయని రైతు కోర్టుకి వస్తాడు. దిగినట్టు ఎలా చూపించాలో తెలియక ఓడిపోతాడు. అలాంటి కేసులు నేనూ వేశాను, నేనూ ఓడిపోయాను. చెప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు. ఒళ్ళుమంట మాత్రం ఉంది. నేల కింద నడిచే నీటిని కోర్టులో ఎలా నిలబెట్టాలో ఎక్కడో నేర్పుతున్నారంటే, వెళ్ళి నేర్చుకుని రావాలనుకున్నాను.

సాయంత్రం ఆఫీసులో మా సీనియర్ లాయరు గారికి విషయం చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఏం అడిగారమ్మా?"

"ఊరి గురించి, ఇంటి గురించి, ఖాళీగా ఉన్నప్పుడు ఏం చేస్తానని."

"అడిగినదానికే చెప్పావా?"

"చెప్పానండీ."

"మరి మార్కులెందుకు తగ్గించారు?"

ఇద్దరం టీ తాగి మర్నాటి కేసుల కట్టలు విప్పుకున్నాం.

సమాధానం గుడివాడలో దొరికింది. అక్కడ బస్టాండుకి దగ్గర్లో, ఒక సెల్‌ఫోన్ల షాపు పై అంతస్తులో, ఒకావిడ ఈ పరీక్షకి శిక్షణ ఇస్తుందని ఎవరో చెప్పారు. నాకంటే చిన్నది. ఆదివారం పొద్దున్నే బందరులో పాసింజరు ఎక్కి, పెడన, గుడ్లవల్లేరు మీదుగా వెళ్ళి దిగాను. గది నిండా నర్సింగ్ పాసైన పిల్లలు, ఇంజినీరింగ్ పిల్లలు. నల్లకోటు వేసుకునేదాన్ని నేనొక్కదాన్నే. ఆవిడ నన్ను పక్క గదిలోకి తీసుకెళ్ళి, అసలు పరీక్షలో అడిగినట్టే ఇంగ్లీషులో అడగడం మొదలుపెట్టింది.

మీరెక్కడ ఉంటారు? మచిలీపట్నంలో. ఆ ఊరు మీకు ఇష్టమేనా? ఇష్టమే. ఎందుకు? పని అక్కడే కాబట్టి. సముద్రానికి వెళ్తుంటారా? అప్పుడప్పుడు.

ఆవిడ కలం పక్కన పెట్టేసింది. తెలుగులోకి వచ్చి, "మేడమ్, నేనేమైనా మిమ్మల్ని కేసులో ఇరికిస్తానని భయమా?" అంది.

నేను నవ్వబోయి ఆగిపోయాను.

"మీ ఇంగ్లీషులో ఏ లోపమూ లేదండీ. మీరు ఆపేస్తున్నారు. నేను ఒక తలుపు తీస్తే మీరు లోపల్నుంచి గడియ పెడుతున్నారు. సముద్రానికి వెళ్తారా అంటే, ఎవరితో వెళ్తారో, అక్కడేం తింటారో, ఎందుకు ఇష్టమో చెప్పుకుంటూ పోవాలి. అడగనివి కూడా చెప్పాలి. ఇది మాట్లాడే పరీక్ష. ఎంత మాట్లాడితే వాళ్ళకి అంత తెలుస్తుంది." తర్వాత ఇంకో మాట అంది. "ముందు ఇంటికెళ్ళి తెలుగులోనే ఆపకుండా మాట్లాడి చూడండి. తెలుగులో ఆగిపోయేవాళ్ళు ఇంగ్లీషులో ఎలాగూ ఆగిపోతారు."

తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చున్నాను. బయట ఊడ్పులకి ముందు ఖాళీగా ఎండుతున్న చేలు. అడిగినదానికే చెప్పాలి. ఆ ముక్క నేను కోర్టు వరండాల్లో ఎంతమందికి చెప్పానో. బోనెక్కబోయే ప్రతి సాక్షికీ చెబుతాను. "అడిగినదానికే చెప్పండి. అవునంటే అవును, కాదంటే కాదు. తెలియకపోతే తెలియదనండి. కథలు చెప్పొద్దు. ఎక్కువ మాట్లాడితే అందులోంచే పట్టుకుంటారు." చెప్పీ చెప్పీ అది నా ఒంట్లోకే వెళ్ళిపోయింది. నాకు ఎదురుగా కూర్చుని ఎవరు ప్రశ్న వేసినా, బోనెక్కినట్టే కుదించుకుపోతున్నాను.

ఆ పాఠం నాకు నేర్పింది మా సీనియర్ గారే. కానీ ఆయన నోట ఆ మాట మొదటిసారి విన్నది ఆయన ఆఫీసులో చేరాక కాదు. స్కూల్లో చదువుకునేటప్పుడు, మా అమ్మ పక్కన నిలబడి విన్నాను.

మా పొలం నాగాయలంకకి దిగువన ఉండేది. నాన్న పోయాక అమ్మే చేయించేది. పక్క పొలం ఆసామి వరి మానేసి రొయ్యల చెరువు తవ్వించాడు. రెండో పంటకల్లా మా చేను కొసలు ఎర్రబడడం మొదలైంది. తర్వాత పంట గింజ పట్టలేదు. అమ్మ వెళ్ళి అడిగితే "మధ్యలో ఇంత గట్టు ఉంటే నీళ్ళెలా వస్తాయమ్మా, గాల్లో ఎగిరొస్తాయా?" అన్నాడు. అమ్మ దావా వేసింది. బందరు నుంచి పేరున్న లాయరు గారిని పెట్టుకుంది. అంటే మా సీనియర్ గారినే.

సాక్ష్యం రోజు సెలవు పెట్టించి నన్ను తోడు తీసుకెళ్ళింది. కోర్టు బయట లాయరు గారు అమ్మకి ఆ మాట చెప్పారు. అడిగినదానికే చెప్పాలమ్మా అని. అమ్మ తల ఊపింది. బడిలో పాఠం అప్పజెప్పేదానిలా లోపలే అనుకుంటోంది. పెదవులు కదలడం నేను చూశాను.

అవతలి లాయరు లేచాడు. "చెరువుకీ మీ పొలానికీ మధ్య గట్టు ఉందా?"

"ఉందండీ."

"అది ఎప్పుడైనా తెగిందా?"

"తెగలేదండీ. కానీ..."

"తెగిందా, లేదా? అది చెప్పండి."

అమ్మ మా లాయరు గారి వైపు చూసింది. ఆయన కాగితాలు చూసుకుంటున్నారు.

"తెగలేదండీ" అంది.

జడ్జిగారు అమ్మ మాటని ఇంగ్లీషులోకి మార్చి టైపిస్టుకి చెప్పారు. టైపు మిషను టకటకలాడింది. తన మాట వేరే భాషలోకి వెళ్ళిపోతుంటే అమ్మ ఆ మిషను వైపే చూస్తూ నిలబడింది. అవతలి లాయరు అడగడం అయ్యాక, సొంత లాయరు లేచి తన సాక్షిని మళ్ళీ అడగొచ్చు. ఆ "కానీ" తర్వాత ఏముందో అక్కడ అడగొచ్చు. మా లాయరు గారు అడగడానికేమీ లేదన్నారు. అమ్మ సంతకం పెట్టి దిగింది.

దావా పోయింది. గట్టు ఉందనీ, అది తెగలేదనీ వాది తానే ఒప్పుకుందని తీర్పులో ఉంది. పొలం చివరికి ఆ ఆసామికే ఇచ్చేశాం. ఇప్పుడది కూడా చెరువే. అమ్మ మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేను లా చదువుతానంటే వద్దనలేదు. ఆ లాయరు గారి దగ్గరే చేరతానంటే "మంచాయనే" అంది.

నిజంగానే మంచాయన. అందుకే ఇన్నేళ్ళూ అడగలేకపోయాను. గుడివాడ నుంచి వచ్చిన మర్నాడు మాత్రం ఆఫీసులో ఎవరూ లేనప్పుడు అడిగేశాను.

"మా అమ్మ కేసులో తిరిగి ఎందుకు అడగలేదండీ?"

ఆయన మర్చిపోయి ఉంటారనుకున్నాను. మర్చిపోలేదు. కుర్చీలో వెనక్కి వాలారు.

"అడిగితే ఆవిడ ఏం చెబుతుందో నాకు తెలియదమ్మా. సమాధానం తెలియని ప్రశ్న వెయ్యకూడదు కదా, అదే నీకూ నేర్పాను" అన్నారు. మళ్ళీ ఆయనే, "ముందే ఆవిణ్ణి కూర్చోబెట్టి అంతా చెప్పించుకుంటే తెలిసేది. నాకు అప్పుడంత తీరిక ఉండేది కాదు" అన్నారు.

ఆయన మీద కోపం తెచ్చుకుందామని ఎంత ప్రయత్నించినా రాలేదు. దావా వేసిన మనిషిని, దావా నడిచినన్నాళ్ళూ, ఏం జరిగిందమ్మా అని ఒక్కళ్ళూ అడగలేదు.

ఆ శనివారం దివిసీమ బస్సెక్కాను. అమ్మ ఇంటి వెనక షెడ్డు కింద కూర్చుని చింతచిగురు నలుపుతోంది. పక్కన చాప మీద కూర్చుని, తెలుగులో ఆపకుండా మాట్లాడాలన్న సంగతి చెప్పాను.

"అదేం పరీక్షే? మాట్లాడ్డం కూడా నేర్పించుకోవాలా?"

"నాకు కావాల్సొచ్చిందిలే. నువ్వు విను." మంగినపూడి బీచి గురించి మొదలుపెట్టాను. ఇసుక, అలలు, సెలవురోజు జనం. నాలుగు ముక్కలయ్యాయో లేదో నీళ్ళు నమిలాను.

"అయిపోయిందా?" అంది అమ్మ.

"అయిపోయింది."

"నిన్ను లాయరని ఎవరు నమ్ముతున్నారే!"

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే అన్నాను. "అయితే నువ్వు చెప్పు, నేర్చుకుంటా. మన గట్టు గురించి చెప్పు."

అమ్మ చేతులు ఆగాయి. నేను వేళాకోళమాడుతున్నానేమోనని నా మొహం చూసింది. కాదని తెలిశాక, గొంతు తగ్గించి అడిగింది.

"అంతా చెప్పనా?"

"అంతా చెప్పు."

చెప్పింది. గట్టు పైనుంచి చూస్తే రాయిలా ఉండేదట. అడుగున పీతలు బొరియలు చేశాయట. చెరువులో నీళ్ళు నింపినప్పుడల్లా రెండు మూడు రోజులకి గట్టు మొదలు దగ్గర మా వైపు నేల చెమ్మగిల్లేదట. ఎండాకాలం, చుట్టూ నేల బీటలు తీసినా అక్కడ మాత్రం కాలు దిగబడేదట. ఎండ కాస్తే తెల్లగా పూత పూసేది. వేలితో తీసి నాలిక్కి రాసుకుని చూసిందట, ఉప్పు. కోర్టు వాళ్ళు పొలం చూడడానికి ఒక కమిషనర్ని పంపారు గానీ ఆయన ముసురు పట్టిన రోజు వచ్చాడట. ఊరంతా తడిగా ఉన్న రోజున ఈ చెమ్మ ఎలా చూపిస్తుంది? "గట్టు తెగలేదే. తెగితే అందరికీ కనపడేది. అది తెగకుండానే చంపేసింది" అంది. ఎక్కడా ఆగలేదు, తడుముకోలేదు. ఎండ షెడ్డు దాటి గోడ దాకా వచ్చేసినా చెబుతూనే ఉంది. చింతచిగురు వాడిపోయింది.

నేను చట్టాల పుస్తకాల్లో వెతుకుతున్నదంతా ఆ షెడ్డు కింద కూర్చుని ఉంది. ఏడుపొచ్చింది. అమ్మ చూడకుండా లేచి మంచినీళ్ళకి వెళ్ళాను.

రెండోసారి పరీక్ష విజయవాడలో. ఈసారి తప్పితే మళ్ళీ రాసి ఫలితం తెచ్చుకునేలోపు జూన్ దాటిపోతుంది. చిన్న గది, ఒక బల్ల, బల్ల మీద రికార్డు చేసే మిషను, అవతల నెరిసిన జుట్టావిడ. మొదటి ప్రశ్నలకి గుడివాడ ఆవిడ చెప్పినట్టే తలుపులు తెరిచి పెట్టుకుంటూ పోయాను. తర్వాత పరీక్ష చేసే ఆవిడ ఒక కార్డు నా ముందు పెట్టింది. నీటికి దగ్గరగా ఉన్న ఒక చోటు గురించి రెండు నిమిషాలు మాట్లాడాలి. ఆలోచించుకోవడానికి ఒక నిమిషం.

బీచి సిద్ధంగానే ఉంది. గుడివాడలో ఎన్నోసార్లు అప్పజెప్పిందే. నోరు తెరిచాను. మచిలీపట్నం దగ్గర ఒక బీచి ఉందని ఒక వాక్యం చెప్పాను. ఆ తర్వాత, కానీ నాకు బాగా తెలిసిన చోటు అది కాదు అన్నాను. గట్టు దగ్గరికి వెళ్ళిపోయాను.

పీతల బొరియలు చెప్పాను. చెమ్మ చెప్పాను. తెల్లటి పూత చెప్పాను. నాలిక్కి ఉప్పు తగలడం చెప్పాను. పీత బొరియకి ఇంగ్లీషు మాట సరైనదే వాడానో లేదో ఇప్పటికీ తెలియదు. ముసురు రోజున వచ్చిన కమిషనర్ని చెబుతుండగా ఆవిడ చెయ్యెత్తి థాంక్యూ అంది. రెండు నిమిషాలు అయిపోయాయి. కోర్టులో అమ్మని ఆపినట్టే, సగంలో.

కానీ ఆవిడ కార్డు వెనక్కి తీసుకుంటూ అడిగింది. "ఆ గట్టు ఇప్పటికీ ఉందా?"

"ఉంది" అన్నాను. "కానీ..."

ఆవిడ ఆపలేదు. నా వైపు చూస్తూ ఎదురుచూసింది. ఇప్పుడు దానికి రెండు వైపులా చెరువులే అనీ, అది ఇంకా తెగలేదనీ చెప్పాను. తర్వాత ఆవిడ పరీక్షలో మిగతా ప్రశ్నలు అడిగింది.

మాట్లాడడంలో ఏడున్నర వచ్చింది. మిగతావీ నిలబడ్డాయి. సీటు ఖాయమైంది. ఫోన్‌లో చెప్పబుద్ధి కాక ఆదివారం ఇంటికెళ్ళాను. అమ్మ మళ్ళీ షెడ్డు కిందే ఉంది, ఈసారి గోంగూర ముందు పెట్టుకుని.

"ఏడున్నరా? ఎన్నింటికి?"

"తొమ్మిదికి."

"అయితే బాగానే వచ్చినట్టు." ఆకులు గిల్లుతూ అడిగింది. "ఏమడిగారు?"

"నీళ్ళ పక్కనున్న చోటు గురించి చెప్పమన్నారు. మన గట్టు సంగతి చెప్పాను."

ఆమె తలెత్తింది. "బొరియలు చెప్పావా?"

"చెప్పాను."

"ఉప్పు పూత?"

"చెప్పానమ్మా."

"మధ్యలో ఆపలేదా?"

"టైమైందని ఒకసారి ఆపారు. మళ్ళీ వాళ్ళే అడిగారు."

అమ్మ ఆకులు గిల్లడం ఆపింది. "రాసుకున్నారా?"

ఆ గదిలో మిషను తిరిగిన మాట నిజం. నా మాటలన్నీ అందులో ఉన్నాయి. కానీ అవి నేను ఎలా మాట్లాడానో చూసుకోవడానికి. గట్టు ఎవరిదైతే వాళ్ళకేం, ఉప్పు ఎవరి చేలో దిగితే వాళ్ళకేం. ఆ గట్టు గురించి మేము పూర్తిగా చెప్పగలిగిన ఒకే ఒక్క చోట, దాని మీద తీర్పు చెప్పే పని ఎవరికీ లేదు. అమ్మకి అబద్ధం చెప్పలేను.

"రికార్డయితే చేశారమ్మా. కానీ నా మాట తీరుకే మార్కులు. గట్టుతో వాళ్ళకి పని లేదు."

"విన్నారు కదా."

"విన్నారు."

అమ్మ గోంగూర కాడలన్నీ ఒక పక్కకి నెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. నా వైపు చూడకుండా చెరువుల వైపు చూస్తూ, ఇన్నేళ్ళుగా ఎవరినీ అడగని మాట అడిగింది.

"ఆ రోజు లాయరు గారు చెప్పినట్టే చెప్పానే. అడిగినదానికే చెప్పాను. నావల్లే పోయిందా మన చేను?"

"కాదమ్మా" అన్నాను.

ఆమె ఇంకేదైనా అంటానేమోనని ఎదురుచూసింది. సీనియర్ గారు తీరిక లేదన్న సంగతి నాలోనే ఉంచుకుని, నేను ఇంకో మాట కలపలేదు.